టాప్ దించితే పాట వినపడట్లేదా? వాట్లు పెంచకండి (అపోహలు - వాస్తవాలు)

డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు ఎవరైనా సెకండ్ హ్యాండ్ మియాటా (మాజ్డా వాళ్ల టాప్ దించే రెండు సీట్ల చిన్న కారు) కొంటే, కొన్నాళ్లకే నాకు ఫోన్ వస్తుంది. "అన్నా, టాప్ దించి హైవే ఎక్కితే ఒక్క ముక్క వినపడట్లేదు. వెయ్యి వాట్ల యాంప్లిఫయర్, బేస్ కోసం పెద్ద సబ్‌వూఫర్ చూసిపెట్టుకున్నా. బిగిస్తావా?" ఎక్కడో ఒక వీడియో చూస్తారు, ఎవరో స్నేహితుడు అవునంటాడు, కార్డు గీకేస్తారు. కొనకముందే ఇది చదివితే బాగుండునని రాస్తున్నాను.

అపోహ: పైకప్పు లేదు కాబట్టి వాట్లు ఎక్కువ కావాలి.

వాస్తవం: వంద వాట్ల యాంప్ తీసేసి రెండొందల వాట్లది పెడితే పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి కొంచెం పెరిగినట్టు అనిపిస్తుంది, అంతే. రెట్టింపు గట్టిగా వినపడాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పవర్ పది రెట్లు కావాలి. అలా కాకుండా సెన్సిటివిటీ (ఇచ్చిన పవర్‌కి స్పీకర్ ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే అంకె) 3 డెసిబెల్స్ ఎక్కువున్న స్పీకర్ కొంటే, యాంప్ ముట్టుకోకుండానే రెట్టింపు పవర్ ఇచ్చినంత ఫలితం. అందుకే డబ్బా మీద పెద్దక్షరాల్లో వేసే మ్యాక్స్ పవర్‌ని వదిలేసి సెన్సిటివిటీ, ఆర్‌ఎంఎస్ (నిలకడగా నడిచే పవర్) చూడండి.

ఇక బేస్ సంగతి. టాప్ మూసి ఉన్నప్పుడు క్యాబిన్ చిన్నది కాబట్టి లో బేస్ దానంతటదే బలంగా వినిపిస్తుంది. టాప్ దించగానే ఆ సాయం పోతుంది. గాలి హోరు, టైర్ల మోత ఎక్కువగా ఉండేదీ ఆ కింది ఫ్రీక్వెన్సీల్లోనే. షాపులో టాప్ మూసి వినిపించిన డెమోకీ, హైవే మీద మీకు వినపడేదానికీ పొంతన ఉండదు. అక్కడ ఏం చేస్తారు? యాంప్ మీదున్న గెయిన్ నాబ్ తిప్పుతారు. గెయిన్ వాల్యూమ్ బటన్ కాదు. హెడ్ యూనిట్ (డ్యాష్‌బోర్డులోని స్టీరియో) నుంచి వచ్చే సిగ్నల్‌కి యాంప్‌ని సరిపెట్టడానికే అది ఉంది. దాన్ని పెంచుకుంటూ పోతే యాంప్ క్లిప్ అవుతుంది, అంటే దాని శక్తికి మించి సిగ్నల్ తెగిపోయి శబ్దం చెడుతుంది. ముందు పోయేవి ట్వీటర్లు (సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకర్లు).

మొన్నామధ్య డాలస్ పక్కనున్న ఫ్రిస్కో నుంచి ఒక తమ్ముడు వచ్చాడు. మొదటి తరం మియాటా, ఎంతో ఇష్టంగా కొనుక్కున్నాడు. వేరే షాపులో డిక్కీలో సబ్ పెట్టించాడు. ఆ కారులో డిక్కీకీ సీట్లకీ మధ్య ఇనుప రేకు అడ్డం, పెట్రోల్ ట్యాంకు కూడా అక్కడే, సీట్ల వెనక. సబ్ మోగితే నంబర్ ప్లేటు అదురుతోంది, సీట్లో కూర్చున్నవాడికి బేస్ లేదు. స్పీకర్లన్నిటి గెయిన్ పెంచుతూ పోయాడు, ఒకరోజు కాలిన వాసన వచ్చింది. "కారు తగలబడిపోతుందా అన్నా? ఇంట్లో చెప్పలేదు" అన్నాడు. పాపం, ఆ టెన్షన్‌లో రెండు రోజులు కారు స్టార్ట్ చేయలేదట. ట్వీటర్ విప్పి నల్లబడ్డ వాయిస్ కాయిల్ (లోపలి తీగ చుట్ట) చూపించాను. వాసన దానిదే. బ్యాటరీ పక్కనే ఫ్యూజ్ ఉంది, వైర్లకి ఏమీ కాలేదు. కంగారు పడాల్సిందల్లా ఆ వెనక రేకుకి కొట్టిన స్క్రూల గురించే. అవతల ఏముందో చూడకుండా అక్కడ డ్రిల్ పెట్టడం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. అదృష్టం, ట్యాంకుకి తగల్లేదు.

ఆ సబ్ తీసేశాం. డోర్లకి డ్యాంపింగ్ షీట్ వేశాం. రేకుని వేలితో తడితే అంతకుముందు ఖాళీ నూనె డబ్బాలా టంగుమనేది. షీట్ అతికించి రోలర్‌తో ఒత్తాక 'టప్' అని ఆగిపోయింది. డోర్‌లో ఖాళీలు మూసి, మంచి సెన్సిటివిటీ ఉన్న ఆరున్నర అంగుళాల కాంపొనెంట్ సెట్ (ట్వీటర్ విడిగా వచ్చే స్పీకర్ల సెట్), మధ్యరకం ఫోర్ ఛానెల్ యాంప్ పెట్టాం. డోర్ స్పీకర్లకి 80 హెర్ట్జ్ దగ్గర హైపాస్ ఫిల్టర్ (అంతకంటే కింది బేస్‌ని ఆపేది) పెట్టి, ప్యాసింజర్ కాళ్ల దగ్గర చిన్న సబ్ అమర్చాం. డీఎస్‌పీలో (సౌండ్‌ని సరిదిద్దే డిజిటల్ ప్రాసెసర్) టాప్ మూసినప్పటికి ఒక ప్రీసెట్, దించినప్పటికి ఒకటి. అద్దాలు పైకెత్తి, సీట్ల వెనక విండ్ డిఫ్లెక్టర్ నిలబెట్టి హైవే ఎక్కితే పాటలో మాటలు స్పష్టంగా వినపడ్డాయి. ఈ కొత్త యాంప్‌కి, అంతకుముందు పెట్టినదాంట్లో సగం పవర్ కూడా లేదు.

మాజ్డా వాళ్లకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. 1989లో వచ్చిన మొదటి తరంలోనే కొన్ని కార్లకి హెడ్‌రెస్ట్‌లో స్పీకర్లు ఇచ్చారు. ఇప్పటి తరంలో బోస్ సిస్టమ్ తీసుకున్నా హెడ్‌రెస్ట్‌లో స్పీకర్లుంటాయి. స్పీకర్ చెవికి దగ్గరగా ఉంటే గాలితో పోటీ పడక్కర్లేదు.

చెవుల గురించి కూడా ఒక మాట. 85 డెసిబెల్స్ మోతలో రోజుకి 8 గంటలు మించకూడదని అమెరికాలో నియోష్ (ఉద్యోగుల ఆరోగ్యం, భద్రతపై పనిచేసే ప్రభుత్వ సంస్థ) సిఫారసు. మోత 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది, 100 దగ్గర 15 నిమిషాలే. గాలి హోరు మీద పాటని గెలిపించాలని చూస్తే ఆ అంకె తేలిగ్గా వచ్చేస్తుంది.

అపోహ: పాట మోగుతుంటే లైట్లు మిణుకుమంటే కెపాసిటర్ (కాస్త కరెంటు దాచి ఇచ్చేది) పెడితే చాలు.

ఆ కెపాసిటర్‌ని నింపాల్సింది కూడా కారుకి కరెంటు పుట్టించే అదే ఆల్టర్నేటర్. ముందు గ్రౌండ్ పాయింట్‌లో పెయింట్ గీకి బిగించారా, బ్యాటరీ బాగుందా, వైర్ రాగిదా లేక రాగి పూత వేసిన అల్యూమినియమా చూడండి. 500 వాట్ల యాంప్, 80 శాతం ఎఫిషియెన్సీ ఉన్నా, ఫుల్ లోడ్‌లో సుమారు 45 ఆంప్స్ లాగుతుంది.

అపోహ: ఓపెన్ కారుకి మెరైన్ స్పీకర్లు (పడవల కోసం చేసినవి) తప్పనిసరి.

ఎండకి, తేమకి మంచివే, తప్పనిసరి కాదు. అసలు నీళ్లు పైనుంచి కాదు, సీట్ల వెనకున్న డ్రెయిన్లు ఆకులతో పూడుకుపోతే కార్పెట్ కిందికి వస్తాయి. యాంప్‌ని నేల మీద పరవకుండా కాస్త ఎత్తులో బిగించండి, ఏడాదికోసారి డ్రెయిన్లు శుభ్రం చేయించండి.

అపోహ: బయట స్టీరియో పెట్టిస్తే వారంటీ మొత్తం పోతుంది.

అమెరికాలో పోదు. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, మీరు పెట్టించిన సామాను వల్లే ఆ పార్ట్ పాడైందని చూపితేనే కంపెనీ కాదనగలదు. కంపెనీ వైర్లు కత్తిరించనివ్వకండి, అడాప్టర్ హార్నెస్‌తోనే కలపమనండి. పాత స్టీరియో, బిల్లులు దాచుకోండి.