శిలువ రాళ్ళ మీద అల్లికలు: అపోహలు – వాస్తవాలు

బ్రిటన్, ఐర్లండ్‌లలో 8–11 శతాబ్దాల నాటి శిలువ రాళ్ళ మీది అల్లికలను కాగితం మీదికి ఎక్కించడం నా పని. ఆ మాట చెప్పగానే నాకు ఎదురయ్యే నమ్మకాలు కొన్ని.

అపోహ: ప్రతి ముడికీ ఒక అర్థం ఉంది. ఇది ప్రేమ, ఇది అనంతం.

వాస్తవం: ఆ అర్థాలు నగల షాపు వాళ్ళు అంటించే చీటీల మీద ఉంటాయి. ఫలానా ముడికి ఫలానా అర్థమని ఆ కాలంవాళ్ళు రాసిపెట్టింది మాత్రం ఏదీ దొరకలేదు.

అపోహ: ఎంత పెద్ద అల్లికైనా తెగని ఒకే పాయ.

వాస్తవం: వేలు పెట్టి ఒక పాయ వెంట పోయి చూడండి. చాలాసార్లు సగం కూడా తిరక్కుండానే మొదటికి వచ్చేస్తారు, మిగతాది వేరే పాయ. మా అమ్మ నా బొమ్మ చూసి "మెలికల ముగ్గే కదరా" అంది. లెక్క నిజంగానే ఒకటే. 3 వరసల్లో అయిదేసి చుక్కలు పెట్టి తిప్పితే ఒకే గీత వస్తుంది. 4 వరసల్లో ఆరేసి పెడితే రెండు. వరసల సంఖ్యకూ ఒక్కో వరసలోని చుక్కల సంఖ్యకూ గ.సా.భా. ఎంతో, గీతలు అన్ని. స్కూల్లో ఇలా చెప్పుంటే నాకు లెక్కలంటే అంత టెన్షన్ ఉండేది కాదు.

అపోహ: ఇంత చిక్కును శిల్పి ఊహలోంచే చెక్కాడు.

వాస్తవం: చిక్కు వెనక మామూలు జడ ఉంది. ముందు గళ్ళు గీసి జడ అల్లాలి. తర్వాత కొన్ని చోట్ల పాయలు దాటకుండా తెంపి, కొసలను వెనక్కి వంచి పక్కదానితో కలపాలి. అక్కడే ముడి పుడుతుంది. స్కాట్లండ్ రాళ్ళ మీద 1903లో వచ్చిన సర్వేలో రోమిలీ అలెన్ అనే పరిశోధకుడు ముడులను ఇలాగే విప్పి చూపించాడు. నేను ఇప్పటికీ తెంపులు ఎక్కడున్నాయో గుర్తుపెట్టాకే పెన్సిల్ కదుపుతాను.

అపోహ: ఇదంతా బ్రిటన్, ఐర్లండ్‌లలో ముందునుంచీ ఉన్న కెల్టుల సొంత కళ.

వాస్తవం: పాత కెల్టుల కళలో ఎక్కువగా ఉన్నవి సుడులు. అల్లిక ఈ రాళ్ళకంటే ముందే రోమన్ మొజాయిక్ నేలల మీద ఉంది, తర్వాత జర్మానిక్ తెగల నగల మీద కనిపిస్తుంది. ఈ దీవుల్లో అది 7వ శతాబ్దంలో ఊపందుకుంది. ఉత్తర ఇంగ్లండ్‌లోని బ్యూకాజిల్ శిలువను చెక్కించింది కెల్టులు కాదు, ఆంగ్లో-సాక్సన్లు. బ్రిటన్, ఐర్లండ్‌ల మధ్యనున్న మాన్ ద్వీపంలో కిర్క్ మైకేల్ దగ్గరి రాయి మీదైతే గౌత్ అనే నార్స్ (స్కాండినేవియా) పేరుగల శిల్పి, ఆ ప్రాంతపు పాత లిపి అయిన రూనిక్‌లో "దీన్నీ, మాన్‌లో ఉన్నవాటన్నిటినీ చేసింది గౌత్" అని చెక్కుకున్నాడు. కొంచెం గొప్పలే. అతనికి ముందే ఆ ద్వీపంలో శిలువ రాళ్ళున్నాయి.