అర్ధరాత్రి జాజ్ గొంతు విల్లిస్ కోనోవర్: అపోహలు – వాస్తవాలు

రేడియోలో రాత్రి డ్యూటీ చేసేవాళ్లని జనం అడిగేవి రెండే ప్రశ్నలు. నిద్ర రాదా? ఆ టైములో అసలు ఎవరైనా వింటారా? రోజులో ఆఖరిదైన మూడో ప్రసారం చివరి గంట ఇరవై ఏళ్ల పైన చేశాను, కాబట్టి రెండింటికీ నా దగ్గర జవాబులు సిద్ధంగా ఉంటాయి. చెబుతున్నంతసేపూ మనసులో మెదిలేది మాత్రం నేను పనిచేసిన స్టేషన్ కాదు, వాషింగ్టన్‌లో ఒక స్టూడియో. విల్లిస్ కోనోవర్ అనే పెద్దమనిషి అక్కడి నుంచి 1955 జనవరి 6న విదేశాల కోసం అమెరికా ప్రభుత్వం నడిపిన రేడియో వాయిస్ ఆఫ్ అమెరికాలో జాజ్, అంటే అమెరికా నల్లవాళ్ల దగ్గర పుట్టిన సంగీతం, వినిపించడం మొదలుపెట్టి, 1996 మేలో కన్నుమూసేదాకా ఆ పని వదల్లేదు.

మైకు ముందుకు కొత్తగా వచ్చే పిల్లలకి ఆయన గురించి చెబుతుంటాను. ఆయన మీద వాళ్లకున్న అపోహలూ, మా పని మీద ఉన్న అపోహలూ చాలావరకు ఒకటే.

అపోహ: రాత్రి అనౌన్సర్‌కి కావలసింది గొంతు. అది దేవుడిస్తే రావాలి, లేకపోతే లేదు.

ఆయనది మంచి గొంతే, కాదనను. బావిలోంచి పలికినట్టు లోతుగా, ఖంగుమంటూ ఉంటుంది. కానీ పాత రికార్డింగు ఒకటి పెట్టుకుని విని చూడండి. ముందు చెవికి తగిలేది గొంతు కాదు, నిదానం. మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉంటుంది. కార్యక్రమం మొదట్లో జాజ్ దిగ్గజం డ్యూక్ ఎల్లింగ్టన్ బృందం వాయించిన ‘టేక్ ది ఏ ట్రైన్’ వస్తుంది. దాని మీద తన పేరు, ఊరు, కార్యక్రమం పేరు చెబుతారు. అంతే, పాటలోకి వెళ్లిపోతారు.

ఆ నిదానం వెనక లెక్క ఉంది. వినేవాళ్లలో చాలామందికి ఇంగ్లీషు రెండో భాషో మూడో భాషో. పైగా అది షార్ట్‌వేవ్, దూరదేశాలకు చేరే రేడియో తరంగం. ఆకాశంలో చాలా ఎత్తున ఉండే అయనోస్ఫియర్ అనే పొరకి తగిలి కిందికి వచ్చే తరంగం ఒకే దారిన రాదు. రెండు దారుల్లో వచ్చినవి ఒకసారి కలిసి ధ్వనిని పెంచుతాయి, ఇంకోసారి ఒకదాన్నొకటి మింగేస్తాయి. అందుకే శబ్దం ఉయ్యాల ఊగినట్టు దగ్గరికొచ్చి దూరమవుతూ ఉంటుంది. రేడియో సిలోన్ తెలుగు పాటల కోసం, మీనాక్షి పొన్నుదురై గారి గొంతు కోసం ట్రాన్సిస్టర్ కిటికీలో పెట్టుకుని తిప్పినవాళ్లకి ఇది నేను చెప్పక్కర్లేదు. గొంతు దూరమైన ఆ రెండు క్షణాల్లో పడిన మాట పోయినట్టే. పోయింది పాట చరణమైతే ఫర్వాలేదు, మళ్లీ వస్తుంది. వాయించినవాడి పేరైతే మళ్లీ రాదు.

నేను పిల్లల చేత చేయించే పని ఒకటుంది. ఈ ముక్క చదవమంటాను: ‘ట్రంపెట్, క్లిఫర్డ్ బ్రౌన్. టెనార్ శాక్సఫోన్, హెరాల్డ్ లాండ్. పియానో, రిచీ పావెల్. బేస్, జార్జ్ మారో. డ్రమ్స్, మాక్స్ రోచ్.’ ఎఫ్‌ఎమ్ అలవాటున్న పిల్లలు గుక్క తిప్పుకోకుండా లాగించేస్తారు. అప్పుడు పక్కన ఒక రేడియోని స్టేషన్ దొరకని చోట పెట్టి, గరగర పెంచి, మళ్లీ చదవమంటాను. గది అవతలి మూల కూర్చున్నవాడు పేర్లు రాసుకోవాలి. మొదటిసారి ఐదింటిలో రెండు కూడా సరిగ్గా రావు. మూడోసారికి వాళ్లంతట వాళ్లే నెమ్మదిస్తారు. కోనోవర్ గురించి నేను చేసే ఉపన్యాసం ఇదొక్కటే.

అపోహ: పాపం, అర్ధరాత్రి ఒంటరిగా స్టూడియోలో కూర్చుని మాట్లాడేవాడు.

ఎక్కువ భాగం టేపు మీద ముందే రికార్డు చేసి పెట్టుకున్నదే. రాత్రి వినేవాళ్లది. ఒక్కో దేశానికి ఒక్కో వేళ. మా దగ్గరా అంతే. ‘ఈ నిశిరాత్రి వేళ’ అని నేను తన్మయంగా అన్న మాటల్లో సగం, మధ్యాహ్నం క్యాంటీన్ ఉప్మా తిని వచ్చి అన్నవి.

అపోహ: ఆయన అమెరికా ప్రభుత్వం డప్పు కొట్టాడు.

దీనికి అవును, కాదు అని ఒక్క ముక్కలో చెప్పి తప్పించుకోలేం. రేడియో ప్రభుత్వానిది. డబ్బు ప్రభుత్వానిది. ప్రచ్ఛన్న యుద్ధ కాలం. సోవియట్ కూటమి దేశాల కుర్రకారుకి అమెరికా అంటే ఇష్టం కలిగించడం ఆ ఖర్చు వెనక ఉద్దేశం. ఇందులో దాచేదేమీ లేదు.

కానీ కోనోవర్ అక్కడ ఉద్యోగి కాదు, కాంట్రాక్టు మీద పనిచేశారు. ఏ రికార్డు వేయాలో ఆయన ఇష్టం. కార్యక్రమంలో రాజకీయం మాట్లాడలేదు. జాజ్‌లో ఆయనకు కనిపించిన స్వేచ్ఛ వేరే రకం. తాళం, శ్రుతి, స్వరాల కూర్పు అందరూ ముందే ఒప్పుకుంటారు, ఆ ఒప్పందం లోపల ఎవరికి తోచింది వాళ్లు వాయిస్తారు. అమెరికా సమాజం కూడా అలా ఉండాలని ఆయన భావన. (మన కచేరీలో తనియావర్తనం విన్నవాళ్లకి ఈ మాట కొత్తగా అనిపించదు.) ఆ సమాజం అప్పటికి నిజంగా అలా లేదని ఆయనకూ తెలుసు. 1940ల్లో, వేరు వేరుగా కూర్చోబెట్టే వాషింగ్టన్‌లో, నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి వినేలా కచేరీలు పెట్టించినవాడు ఆయన.

అవతలివైపు చూడండి. సోవియట్ దేశంలో ఒక నానుడి ఉండేది: ఇవాళ జాజ్ వాయించేవాడు రేపు దేశాన్ని అమ్మేస్తాడని. దొరకని సంగీతాన్ని వాడేసిన ఎక్స్‌రే ఫిల్ముల మీద దొంగచాటుగా గాడులు గీసి రికార్డు చేసుకునేవారు. గుండ్రంగా కత్తిరించి, నడిమధ్య సిగరెట్టుతో చిల్లు కాల్చి, గ్రామఫోన్ మీద వేసుకునేవారు. పక్కటెముకల బొమ్మ మీద ముల్లు తిరుగుతూ పాడేది! అలాంటి చోట ఒక మనిషి రాత్రిపూట తీరిగ్గా, ట్రంపెట్ వాయించింది ఎవరు, డ్రమ్స్ ఎవరివి అని చెబుతున్నాడంటే అది ప్రచారం కాదు, పాఠం. టేప్ రికార్డర్ ఉన్నవాళ్లు రికార్డు చేసుకున్నారు, లేనివాళ్లు కాగితం మీద రాసుకున్నారు. పోలండ్ పియానిస్టు ఆడమ్ మకోవిచ్ జాజ్ మీద మనసు పడింది ఈ కార్యక్రమం వినే. మాస్కోలో పెరిగిన వలేరీ పొనమర్యోవ్ ఇలాంటి ప్రసారాలు వింటూ ట్రంపెట్ నేర్చుకుని, అమెరికా వెళ్లి, చివరికి డ్రమ్మర్ ఆర్ట్ బ్లేకీ నడిపిన పేరున్న బృందం జాజ్ మెసెంజర్స్‌లోనే వాయించాడు.

1959లో కోనోవర్ మొదటిసారి పోలండ్ రాజధాని వార్సా వెళ్లారు. విమానం మెట్ల దగ్గరికి వచ్చి చూస్తే కింద జనం, పూలు, కెమెరాలు. ఎవరో పెద్దమనిషి వస్తున్నట్టున్నాడు అనుకున్నారట. ఆ వచ్చిన పెద్దమనిషి తానే. రేడియోవాళ్లకి ఇదొక విచిత్రమైన బతుకు. మన మొహం మనల్ని ప్రేమించేవాళ్లకి తెలియదు, వాళ్ల మొహం మనకు తెలియదు.

అపోహ: సోవియట్ వాళ్లు ఆయన్ని జామ్ చేశారు.

రష్యన్ భాషా ప్రసారాల మీద రొద పెట్టి మింగేసేవారు. ఇంగ్లీషు ప్రసారాలని చాలావరకు వదిలేశారు. ఈయన ఇంగ్లీషులో మాట్లాడేవాడు కాబట్టి దాటిపోయాడు.

అపోహ: అంత పేరున్నవాడు సొంత దేశంలో ఇంకెంత గొప్పవాడో.

సొంత దేశంలో వీధిలో నడిచి వెళ్తే ఎవరూ గుర్తుపట్టరు. విదేశాల కోసం తయారు చేసిన ప్రభుత్వ ప్రసారాన్ని సొంత ప్రజలకి వినిపించకుండా 1948 నాటి స్మిత్–మంట్ చట్టం అడ్డుగా ఉండేది. 1969 ఏప్రిల్ 29న డ్యూక్ ఎల్లింగ్టన్ డెబ్బయ్యో పుట్టినరోజుకి వైట్‌హౌస్‌లో జరిగిన కచేరీ ఏర్పాట్లు కోనోవర్ చూశారు. ఆ రాత్రి ఎల్లింగ్టన్‌కి అమెరికాలో పౌరులకిచ్చే అత్యున్నత పురస్కారం ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ఇచ్చారు. కోనోవర్‌కి ఇవ్వాలని తర్వాత అభిమానులు అడిగినా బతికుండగా అది రాలేదు. ఆయన టేపులూ కాగితాలూ ఇప్పుడు యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సస్‌లో భద్రంగా ఉన్నాయి. జాజ్ గాయని బిల్లీ హాలిడేతో 1956లో జరిపిన సంభాషణ వింటే, ప్రశ్న అడిగి ఊరుకోవడం కూడా విద్యే అని తెలుస్తుంది.

అపోహ: రాత్రి కార్యక్రమం ఎవరూ వినరు.

కోనోవర్‌ని మూడు కోట్ల మంది విన్నారని కొందరు, పది కోట్లని కొందరు రాస్తారు. షార్ట్‌వేవ్‌కి మీటరు లేదు. ఉత్తరాలు చూసి ఊహించడమే. కాబట్టి ఆ అంకెలతో ఎవరైనా ఊదరగొడితే వినేసి ఊరుకుంటాను. సోవియట్ కూటమిని మిగతా ప్రపంచం నుంచి వేరుచేసిన ఇనుప తెరని ఈయనే కూల్చాడు అనేవాళ్ల విషయంలోనూ అంతే.

నా లెక్క చిన్నది. మా స్టేషన్‌కి రాత్రి కార్యక్రమం మీద వారానికి పదో పదిహేనో కార్డులు వచ్చేవి. ఒకసారి ఒక కార్డు వచ్చింది. పెన్సిల్‌తో, వంకర అక్షరాలు. గురువారం రాత్రి పదిన్నర దాటాక వేసిన సినిమా పాటలో రెండో చరణానికి ముందు వేణువు వస్తుంది, అది వాయించింది ఎవరండీ అని. ఆ రాత్రి వేసిన పాటల వివరాలున్న క్యూ షీటు తీశాను. గాయని పేరు, రచయిత పేరు, సంగీత దర్శకుడి పేరు ఉన్నాయి, నేను చదివాను కూడా. రికార్డు కవరు తిప్పి చూశాను, వేణువు ఊసు లేదు. లైబ్రరీలో అడిగాను. స్టేషన్‌లో వయొలిన్ వాయించే ఆయన్ని అడిగాను. ఆయన పాట మొత్తం విని, ‘మద్రాసులో ఆ రోజుల్లో వాయించినవాళ్లు నలుగురైదుగురే, వాళ్లలో ఒకరు’ అన్నారు.

ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. జవాబు రాయలేదు.