బొమ్మల పుస్తకంలో బాతులు, రంగులు, అంకెలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

రెండు మూడేళ్ల పిల్లలతో గడపడమే నా ఉద్యోగం. తల్లిదండ్రుల నుంచి ఎక్కువగా వినేది రెండే మాటలు: "మావాడికి ఇంకా రంగులు రావట్లేదండీ", "మా పాప పది దాకా చెప్పేస్తోంది, ఇరవై ఎప్పుడు నేర్పిస్తారు?" రెండింటికీ జంతువుల బొమ్మల పుస్తకాలే చేతికి దొరుకుతాయి. మంచివే, నేనూ రోజూ వాడతాను. కానీ పుస్తకం కొనిచ్చేస్తే పని అయిపోతుందన్న నమ్మకం దగ్గరే గొడవంతా.

అపోహ: పది దాకా గడగడా చెప్పేస్తే లెక్కపెట్టడం వచ్చేసినట్టే.

అంకెల వరుస వచ్చింది, అంతే. అది పాట వచ్చినట్టు. మూడు బాతులున్న పేజీ తెరిచి చూడండి, వేలు బాతుల మీద జారుతూ పోతుంది, నోరు మాత్రం ఐదు దాకా వెళ్లిపోతుంది, లేదంటే ఒకే బాతు మీద రెండుసార్లు పడుతుంది. సరే, సరిగ్గానే లెక్కపెట్టింది అనుకుందాం. వెంటనే "అయితే ఎన్ని బాతులున్నాయి?" అని అడగండి. చాలామంది జవాబు చెప్పరు, మళ్లీ మొదటి బాతు మీద వేలు పెట్టి "ఒకటి, రెండు..." అని మొదలుపెడతారు. ఎన్ని అని అడిగితే ఆ తంతు మళ్లీ చెయ్యమన్నారని వాళ్లు అనుకుంటారు. చివర పలికిన అంకె ఆ చివరి బాతుది కాదని, మొత్తం గుంపుదని ఇంకా తట్టలేదన్నమాట.

లెక్కపెట్టడంలో ఎన్ని సంగతులు ఇమిడి ఉన్నాయో 1978లో గెల్మన్, గాలిస్టెల్ అనే ఇద్దరు పరిశోధకులు విడదీసి చూపించారు. ఒక్కో వస్తువుకి ఒక్కో అంకే పలకాలి, అంకెల వరుస మారకూడదు, చివరి అంకె మొత్తాన్ని చెప్తుంది, దేన్నైనా లెక్కపెట్టొచ్చు, ఎటువైపు నుంచి మొదలుపెట్టినా మొత్తం మారదు. పెద్దవాళ్లకి ఇదంతా ఒకే పని. పిల్లలకి ఐదు. తర్వాత 1990, 1992లో కరెన్ విన్ అనే పరిశోధకురాలు పిల్లలని "నాకు రెండు ఇవ్వు", "మూడు ఇవ్వు" అని అడిగి చూశారు. ముందు ఒకటి అంటే ఏంటో మాత్రమే తెలుస్తుంది, ఇంకేం అడిగినా గుప్పెడు తీసి ఇచ్చేస్తారు. కొన్ని నెలలకి రెండు, మళ్లీ కొన్నాళ్లకి మూడు. లెక్కపెట్టి ఇవ్వాలన్న అసలు కిటుకు మూడున్నరేళ్ల ప్రాంతంలో గానీ అందలేదు. కాబట్టి రెండున్నరేళ్ల పాపకి ఇరవై నేర్పించాలన్న తొందర నాకు ఎప్పుడూ ఉండదు. రెండు అడిగితే రెండే తెచ్చిస్తే చాలా సంతోషిస్తాను.

మరి పుస్తకంతో ఏం చెయ్యాలి? మామూలుగా మనం లెక్కపెట్టి చివర్లో "మూడు!" అంటాం. తిప్పి చెప్పండి. ముందు "ఇదిగో, మూడు బాతులు" అని మొత్తం గుంపు చుట్టూ వేలు తిప్పి చూపించి, ఆ వెంటనే ఒక్కోదాని మీద వేలు ఆపుతూ లెక్కపెట్టండి. గుంపు పేరు, లెక్క రెండూ పక్కపక్కనే వినిపించినప్పుడు చివరి అంకె మొత్తానిదని పిల్లలకి తట్టడం తేలికైందని కెల్లీ మిక్స్ బృందం 2012లో చూపించింది. వేలు ఆపడం ముఖ్యం, జారిస్తే లాభం లేదు.

అపోహ: రెండున్నరేళ్లకి రంగులు చెప్పకపోతే ఏదో తేడా ఉన్నట్టే.

ఈ కంగారు కొత్తదేం కాదు, చార్లెస్ డార్విన్‌కే వచ్చింది. తన పిల్లలు బొమ్మల్లోని రంగులకి సరైన పేర్లు చెప్పలేకపోతుంటే వాళ్లకి వర్ణాంధత్వం ఉందేమో అనుకున్నానని 1877లో రాశాడు. కొన్ని నెలల పసివాళ్లకే రంగులు విడివిడిగా కనిపిస్తాయి, ఇబ్బంది కంటితో కాదు, పేరుతో. 'పిల్లి' అంటే చూపించడానికి ఒక వస్తువు ఉంది. 'ఎరుపు' అంటే ఏది? బంతా, చొక్కానా, పక్షా? అన్నిట్లో ఉండి ఏదీ కానిదాన్ని పట్టుకోవాలి, అందుకే మాటలు గలగలా వచ్చాక కూడా రంగుల పేర్లు వెనకబడతాయి. రెండేళ్లకి కొన్ని చెప్పేవాళ్లూ ఉంటారు, నాలుగు దగ్గరపడుతున్నా తడబడేవాళ్లూ ఉంటారు.

ఒక దశలో ఏ రంగు చూపించినా "నీలం" అనేస్తుంటారు, అది చూసి ఇంట్లో నవ్వుతారు, లేదా భయపడతారు. నాకైతే అది మంచి కబురు. ఏ రంగు అని అడిగితే జంతువు పేరు కాకుండా ఏదో ఒక రంగు పేరే చెప్పాలని అర్థమైంది కదా, మిగతాది మెల్లగా సర్దుకుంటుంది. నిజంగా అనుమానం ఉంటే పేర్లు అడక్కండి, జతలు కలపమనండి. ఎర్రవి ఒక పక్క, ఆకుపచ్చవి ఒక పక్క వేసేస్తే చాలామటుకు కంటికి ఢోకా లేనట్టే. స్కూలు వయసుకి వచ్చాక కూడా ఎరుపు, ఆకుపచ్చ జతల్లోనే తప్పుతుంటే అప్పుడు కంటి డాక్టర్‌కి చూపించండి, ముఖ్యంగా మగపిల్లలైతే, వాళ్లలో ఇది బాగా ఎక్కువ.

అపోహ: కప్ప ఆకుపచ్చ, బాతుపిల్ల పసుపు, ఇలా జంతువుతో కలిపి చెప్తే రంగులు బాగా గుర్తుంటాయి.

గుర్తుండేది జంతువే. ప్రతి పుస్తకంలోనూ కప్ప ఆకుపచ్చగానే ఉంటే 'ఆకుపచ్చ' అన్నది కప్పకి ఇంకో పేరని పిల్లలు అనుకున్నా తప్పుపట్టలేం. పైగా నిజం జంతువుల్లో, ముఖ్యంగా పాలిచ్చేవాటిలో, చాలావి గోధుమ, బూడిద, నలుపు, తెలుపు రంగులవే, పుస్తకాల్లోని ఈ ముదురు రంగులు చాలావరకు బొమ్మలేసేవాళ్ల చలవ. రంగు విడిపడాలంటే మిగతాదంతా ఒకేలా ఉండి రంగొక్కటే మారాలి: ఒక ఎర్ర చేప, పక్కనే అచ్చం అలాంటిదే నీలం చేప. అలాంటి పేజీ దొరికితే అక్కడ ఎంతసేపైనా ఆగొచ్చు. దొరక్కపోతే పుస్తకం పక్కన పెట్టి అదే రకం బ్లాకులు రెండు రంగుల్లో తీసుకోండి, నన్నడిగితే రంగులకి పుస్తకం కన్నా అవే నయం. చెప్పే తీరు కూడా కాస్త మార్చి చూడండి. "ఎర్ర చేప" అనేసి ఊరుకోకుండా "ఈ చేప ఎర్రగా ఉంది, ఇదేమో నీలంగా ఉంది" అనండి. ఇంగ్లీషు మాట్లాడే రెండేళ్ల పిల్లలతో మైకేల్ రామ్‌స్కర్ బృందం 2010లో ఇదే తేడా చూసింది, వస్తువు ముందు వచ్చి రంగు తర్వాత వినిపిస్తే బాగా పట్టుకున్నారు.

అపోహ: తెరిచే ఫ్లాపులు, లేచి నిలబడే బొమ్మలు, శబ్దాలు ఉంటే ఎక్కువ నేర్చుకుంటారు.

ఎక్కువ ఆడుకుంటారు. ఆడుకోనివ్వండి, పుస్తకం అంటే ఇష్టం పెరుగుతుంది. కానీ జూడీ డెలోష్ తదితరులు 2010లో పోల్చి చూస్తే సాదా పుస్తకాలతోనే పిల్లలు ఎక్కువ నేర్చుకున్నారు, లేచే బొమ్మలున్న పుస్తకంలో ధ్యాసంతా బొమ్మని లాగడం మీదే ఉంటుంది మరి. లెక్కల పుస్తకం ఎంచుకునేటప్పుడు నేను చూసేది వేరు: బొమ్మల వెనక ఖాళీగా ఉండాలి, జంతువులు ఒకదాని మీద ఒకటి పడకూడదు, చెట్టు చాటున సగం తోక మాత్రమే కనిపించే కోతిని లెక్కలో వెయ్యాలా వద్దా అని పిల్లలు తికమకపడకూడదు. ముచ్చటగా ఉంటుందని అలా గీస్తారు, లెక్క మాత్రం అక్కడే తప్పుతుంది.

అపోహ: అదే పుస్తకం రోజూ చదివితే విసుగొస్తుంది, కొత్తవి మారుస్తుండాలి.

విసుగు మనకి. జెస్సికా హోర్స్ట్ బృందం 2011లో మూడేళ్ల పిల్లలకి కొత్త మాటలని కొందరికి ఒకే కథలో మళ్లీమళ్లీ, కొందరికి వేర్వేరు కథల్లో వినిపించింది. రెండు గుంపులకీ మాటలు వినిపించింది అన్నే సార్లు, అయినా ఒకే కథ విన్నవాళ్లకే బాగా వచ్చాయి. "మళ్లీ" అని అడిగితే మళ్లీ చదవడమే.

అపోహ: ప్రతి పేజీలో ప్రశ్నలు అడగాలి.

అడగండి, కానీ "ఇది ఏ రంగు? ఇవి ఎన్ని?" అని వరసగా గుచ్చితే అది పరీక్ష అవుతుంది, పుస్తకం మూసేసి లేచిపోతారు, చాలాసార్లు చూశాను. ఏనుగు ఏం చేస్తోందో అడగండి, వాడు "నీళ్లు" అంటే "అవును, రెండు ఏనుగులు నీళ్లు పోసుకుంటున్నాయి" అని మీరే అంకె కలపండి. జవాబు తప్పైనా "కాదు" అనక్కర్లేదు, సరైనది మామూలుగా చెప్పి పేజీ తిప్పెయ్యండి. పుస్తకంలో పది దాకా ఉన్నా మూడో పేజీ తర్వాత ఊరికే బొమ్మలు చూసుకుంటూ పోవచ్చు. ఏడు కుందేళ్ల పేజీ వచ్చే ఏడాది కూడా అక్కడే ఉంటుంది.