మార్కుల పంచాయితీ వెనుక 1960 నాటి బ్రాకెట్లు

హనుమకొండలోని ఒక ఇంజినీరింగ్ కాలేజీ కంపైలర్ ల్యాబ్‌లో పాత పంచాయితీ మళ్లీ లేచింది. (జిల్లా హనుమకొండ (మండలాలు కాజీపేట హసన్‌పర్తి)) లాంటి బ్రాకెట్లో బ్రాకెట్ రాతను చదివి ఏది దేని లోపలుందో తేల్చే ప్రోగ్రామును, అంటే పార్సర్‌ను, పిల్లలు పైథాన్‌లో చేత్తోనే రాశారు. ముప్పై లైన్లు దాటలేదు. వైవాకు వచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ మాత్రం లెక్స్ (రాతను ముక్కలు చేసే టూల్), యాక్ (పార్సర్‌ను తయారుచేసి ఇచ్చే టూల్) వాడలేదని మార్కులు కోశారు.

ఈ బ్రాకెట్ రాత లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషది. దాని పుట్టుక తెలిసిన కథే. ఈ తగువుకు పనికొచ్చేది ఆ తర్వాతి మలుపు. లిస్ప్ సృష్టికర్త జాన్ మెకార్తీ 1960 పేపర్‌లో రాతలు రెండు: డేటాకు ఇలాంటి గుండ్రటి బ్రాకెట్ల ఎస్-ఎక్స్‌ప్రెషన్లు, ప్రోగ్రాముకు చదరపు బ్రాకెట్ల ఎం-ఎక్స్‌ప్రెషన్లు. అందులోని ఎవాల్ ఫంక్షన్ (ఎక్స్‌ప్రెషన్ విలువ తేల్చేది) కాగితం మీద చదువుకోవడానికేనని మెకార్తీ ఉద్దేశం. ఆయన దగ్గర పనిచేసే స్టీవ్ రస్సెల్ వినలేదు, దాన్ని చేత్తోనే ఐబీఎం 704 కంప్యూటర్ మెషీన్ కోడ్‌లోకి దించారు. నడిచింది! ఎవాల్‌కు తెలిసింది ఎస్-ఎక్స్‌ప్రెషన్లే కాబట్టి ప్రోగ్రాములూ ఆ రాతలోనే రాయసాగారు. ఎం-ఎక్స్‌ప్రెషన్లు పూర్తికాకుండానే పక్కకు పోయాయి.

చదవాల్సిన రాత ఒక్కటే మిగిలింది కనుకే పార్సర్ అంత చిన్నది. తెరిచే బ్రాకెట్ కనిపిస్తే ఫంక్షన్ కొత్త లిస్టు మొదలుపెడుతుంది, లోపలి ముక్కల కోసం మళ్లీ తననే పిలుచుకుంటుంది. మూసే బ్రాకెట్ రాగానే లిస్టును పైకి అప్పజెబుతుంది. మిగిలిందంతా పేరో అంకెనో. కూడిక ముందా గుణకారం ముందా అన్న పేచీయే లేదు. 1970లలో బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ తయారుచేసిన యాక్ సత్తా తెలిసేది అలాంటి పేచీలున్న భాషల దగ్గర.

సిలబస్‌లో యాక్ ఉందన్నది ఎక్స్‌టర్నల్ వాదన. బ్రాకెట్లు మరీ లోతుకు పోతే రికర్షన్, అంటే ఫంక్షన్ తననే పిలుచుకోవడం, కూలుతుందనీ అన్నారు. నిజమే, పైథాన్ మామూలుగా 1000 పిలుపుల దగ్గరే ఆపేస్తుంది. తెరిచిన లిస్టులను పేర్చుకునే సొంత స్టాక్ పెట్టుకుంటే తీరే చిక్కు అది.

పిల్లల అసలు తప్పును ఎవరూ పట్టలేదు. టోకెన్ల (విడి ముక్కల) కోసం బ్రాకెట్ల చుట్టూ ఖాళీలు పెట్టి, ఖాళీల దగ్గర స్ప్లిట్ కొట్టారు. (స్టేషన్ "కాజీపేట (జంక్షన్)") ఇస్తే కోట్స్ లోపలి బ్రాకెట్ కూడా లిస్టయి కూర్చుంటుంది. కోట్స్ మధ్యది ఒకే టోకెన్ అని లెక్స్‌లో ఒక్క రూలు రాస్తే ఈ తప్పు జరిగేది కాదు. ఎక్స్‌టర్నల్ ఆ మాట అననేలేదు.