ఇన్‌సానిటీ: డాక్టరు రాయని మాట

స్కిజోఫ్రీనియా, బైపోలార్ డిజార్డర్ అని మానసిక వైద్యులు రాస్తారు. ఇన్‌సానిటీ, అంటే మతిస్థిమితం లేకపోవడం, అని మాత్రం ఇవాళ రోగం పేరుగా ఎవరూ రాయరు. లాటిన్‌లో సానుస్ అంటే ఆరోగ్యంగా ఉన్నవాడు, ఇన్‌సానుస్ అంటే అలా లేనివాడు. 19వ శతాబ్దంలో వైద్యులు ధారాళంగా వాడిన ఈ మాటను తర్వాత వాళ్లే వదిలేశారు. కోర్టులు వదల్లేదు.

1843 జనవరిలో లండన్‌లో డేనియల్ మెక్‌నాటన్ అనే వ్యక్తి ప్రధాని రాబర్ట్ పీల్ కార్యదర్శి ఎడ్వర్డ్ డ్రమండ్‌ను తుపాకీతో కాల్చాడు. ఐదు రోజులకు డ్రమండ్ చనిపోయాడు. పీల్‌కు చెందిన టోరీ పార్టీవాళ్లు తనను వెంటాడుతున్నారని, చంపేస్తారని మెక్‌నాటన్ గట్టిగా నమ్మాడు. మతిస్థిమితం లేదన్న కారణంతో జ్యూరీ అతన్ని నిర్దోషిగా తేల్చింది. జనం మండిపడ్డారు. దాంతో బ్రిటన్ పార్లమెంటు ఎగువ సభ అయిన ప్రభువుల సభ న్యాయమూర్తులనే పిలిచి అసలు చట్టం ఏం చెబుతోందని అడిగింది. వాళ్లిచ్చిన జవాబే మెక్‌నాటన్ నియమాలు. ఈ కారణంతో నిందితుడు నిర్దోషి కావాలంటే, మనోవ్యాధి వల్ల, ఆ పని చేసే సమయంలో, తానేం చేస్తున్నాడో తెలియకపోవాలి, లేదా అది తప్పని తెలియకపోవాలి. ఇది ఇంగ్లండ్ దాటి చాలా దేశాల చట్టాల్లోకి పాకింది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 84వ సెక్షన్ మూలం కూడా ఇదే.

చిక్కంతా 'ఆ సమయంలో' అన్న దగ్గరే ఉంది. డాక్టరు చూసేది ఏళ్లుగా సాగే జబ్బును. కోర్టుకు కావలసింది ఆ కొన్ని నిమిషాలు. ఒక మనిషికి చెవిలో గొంతులు వినిపిస్తాయి, ఏళ్లుగా మందులు వాడుతున్నాడు, జబ్బు నిజమే. కానీ హత్య చేశాక కత్తి దాచి, బట్టలు ఉతికి, పారిపోయాడనుకోండి. చేసింది తప్పని తెలిసే దాచాడని కోర్టు అనుకోవచ్చు. అప్పుడు వైద్యం దృష్టిలో అతను రోగే, చట్టం దృష్టిలో బాధ్యుడే. పైగా డాక్టరు అతన్ని పరీక్షించేది చాలాసార్లు నెలలు గడిచాకే. అప్పటి మనసు ఎలా ఉందో పాత చీటీలు, సాక్షుల మాటలు చూసి అంచనా కట్టాలి. ఆ అంచనా చెప్పడం వరకే డాక్టరు పని, తీర్పు కోర్టుది.

'పిచ్చని చెప్పి తప్పించుకున్నాడు' అని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. నిర్దోషి అన్నంత మాత్రాన మెక్‌నాటన్ ఇంటికి పోలేదు. మొదట బెత్లెమ్ మానసిక ఆసుపత్రిలో, ఆపైన బ్రాడ్‌మూర్ మానసిక ఆసుపత్రిలో ఉంచారు. 1865లో చనిపోయేదాకా, 22 ఏళ్లూ నిర్బంధంలోనే గడిపాడు.