డబ్బంతా ఇచ్చేసినా ఇంటి మీద బాకీ: మెకానిక్స్ లియన్ ఎక్కడ పుట్టింది?

అమెరికాలో పైకప్పు కొత్తగా వేయించి, కాంట్రాక్టర్‌కు పైసాతో సహా చెల్లించిన యజమానికి కొన్నాళ్లకు ఒక నోటీసు రావచ్చు. సామగ్రి ఇచ్చిన దుకాణానికి ఆ కాంట్రాక్టర్ బాకీ పడ్డాడు, దానికి జవాబుదారీ మీ ఇల్లేనని అందులో ఉంటుంది. బాకీ నమోదైతే అది తేలేదాకా ఇల్లు అమ్మడం కష్టం, రుణం మార్చుకోవడమూ కష్టమే. కోర్టులో గెలిస్తే ఆ దుకాణం ఇంటిని వేలానికి కూడా పెట్టించగలదు. దీనినే మెకానిక్స్ లియన్ అంటారు, అంటే పనిచేసినవారికీ సామగ్రి ఇచ్చినవారికీ ఆ ఆస్తి మీద ఉండే బాకీ హక్కు.

కూలీల మీద జాలితో ఎవరో ఈ హక్కును తెచ్చి ఉంటారనిపిస్తుంది. అసలు కారణం చేతిలో డబ్బు లేని ప్రభుత్వానికి ఒక నగరం కావలసిరావడం.

పోటోమాక్ నది ఒడ్డున రాజధాని (నేటి వాషింగ్టన్) ఉండాలని 1790లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది, 1800 గడువు పెట్టింది. ఖర్చుకు ప్రధానంగా స్థలాల అమ్మకాన్నే నమ్ముకున్నారు. 1791 అక్టోబరులో వేలం వేస్తే పోయినవి కొన్నే. స్థలం కొన్నవారిదీ అదే అవస్థ: కట్టించాలని ఉన్నా చేతిలో నగదు లేదు. అప్పు మీద పనిచేద్దామంటే మేస్త్రీకి భరోసా లేదు. ఇంగ్లండు నుంచి వచ్చిన న్యాయ సంప్రదాయంలో గడియారం బాగుచేసినవాడు కూలి ఇచ్చేదాకా దానిని తన దగ్గరే ఉంచుకోవచ్చు. గోడ కట్టినవాడికి ఆ వీలు లేదు, ఇటుక పేర్చగానే అది స్థలం యజమానిదైపోతుంది.

వేలానికి ముందు, సెప్టెంబరులో, అప్పటి విదేశాంగ మంత్రి థామస్ జెఫర్సన్, కాంగ్రెస్ సభ్యుడు జేమ్స్ మాడిసన్ పక్కనే ఉన్న జార్జ్‌టౌన్‌లో నగర కమిషనర్లను కలిశారు. మేస్త్రీలకు ఇంటి మీద హక్కు ఇవ్వాలని మేరీల్యాండ్‌ను కోరాలని ఆ సమావేశం నిర్ణయించింది. ఆ డిసెంబరులోనే, రాజధానికి స్థలమిచ్చిన రాష్ట్రాల్లో ఒకటైన మేరీల్యాండ్ శాసనసభ కొత్త రాజధానిలో ఇళ్లు కట్టే మేస్త్రీలకు ఆ ఇంటి మీదా స్థలం మీదా హక్కు కల్పించింది. ఒక్క కలంపోటుతో మేస్త్రీని అప్పిచ్చేవాడిగా మార్చిన ఏర్పాటు ఇది. రాజకీయంగా తెలివైనదే.

1803లో పెన్సిల్వేనియా ఇలాంటి చట్టం తెచ్చింది, తర్వాత మిగతా రాష్ట్రాలూ అందుకున్నాయి. కాలిఫోర్నియా 1879లో దీనిని ఏకంగా రాజ్యాంగంలోనే రాసుకుంది. యజమానితో నేరుగా ఒప్పందం లేని ఉపకాంట్రాక్టర్లకూ, సామగ్రి సరఫరాదారులకూ హక్కు విస్తరించడంతో చిక్కు మొదలైంది. ఒకే పనికి యజమాని రెండుసార్లు చెల్లించే పరిస్థితి అక్కడిదే. ముందుగా విచారణ లేకుండా ఆస్తి మీద బాకీ నమోదు చేయడం అన్యాయమన్న వాదన కాలిఫోర్నియా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1976లో కోర్టు లియన్ వైపే నిలిచింది.

అందుకే మిగిలిన రక్షణ అంతా గడువుల్లో, కాగితాల్లో ఉంది. కాలిఫోర్నియాలో ఉపకాంట్రాక్టర్ పని మొదలుపెట్టిన 20 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, ఆలస్యమైతే అంతకుముందు చేసిన పనిలో చాలాభాగానికి హక్కు పోతుంది. లియన్ నమోదయ్యాక 90 రోజుల్లో దావా వేయకపోతే అది చెల్లదు. మనవాళ్లు పెద్ద సంఖ్యలో ఇళ్లు కొన్న టెక్సాస్‌లో నివాస గృహానికి రక్షణ ఎక్కువ: పని మొదలుకాకముందే రాతపూర్వక ఒప్పందం ఉండాలి, దాని మీద భార్యాభర్తలిద్దరూ సంతకం చేయాలి. నా మటుకు, చివరి చెల్లింపుకు ముందు ఉపకాంట్రాక్టర్ల దగ్గర హక్కు వదులుకున్నట్టు సంతకం తీసుకోవడమే అన్నిటికన్నా పనికొచ్చే జాగ్రత్త.

విడ్డూరమేమిటంటే, ఫెడరల్ ప్రభుత్వ భవనాల మీద లియన్ చెల్లదు. ఆ లోటు పూడ్చడానికి 1935 మిల్లర్ చట్టం పెద్ద పనులకు చెల్లింపు బాండును, అంటే బాకీలు తీరుస్తామన్న హామీని, తప్పనిసరి చేసింది. ఉపకాంట్రాక్టర్లు, సరఫరాదారులు తమ బాకీని అందులోంచి రాబట్టుకోవచ్చు.

మన దేశంలో ఈ హక్కే లేదు. కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ బాగుచేయడానికి ఇచ్చిన వస్తువులకు వర్తిస్తుంది, భవనాలకు కాదు. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం చిన్న సంస్థలకు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలంటుంది, ఆలస్యమైతే చక్రవడ్డీ వేస్తుంది, ఆస్తి జోలికి మాత్రం పోదు. బిల్లుల కోసం హైకోర్టుకెక్కే ఆంధ్ర, తెలంగాణ కాంట్రాక్టర్లలో చాలామందికి బాకీపడ్డది ప్రభుత్వమే. ఫెడరల్ ప్రభుత్వం నేరుగా బాకీపడ్డ ప్రధాన కాంట్రాక్టర్‌కు అమెరికాలోనూ లియన్ లేదు, 1982 చట్టం ప్రకారం ఆలస్యానికి వడ్డీ వస్తుంది.