జొన్నగిరి నేలలో రెండు నిధులు: బంగారం లోహం, వజ్రం ఎందుకు కాదు?

తొలకరి పడితే చాలు, కర్నూలు జిల్లా తుగ్గలి మండలం జొన్నగిరి చుట్టుపక్కల చేలల్లో జనం వంగి వజ్రాలు వెతుకుతుంటారు. అదే ప్రాంతపు రాళ్లలో బంగారమూ ఉంది. విలువలో రెండూ గొప్పవే, గుణంలో మాత్రం పొంతన లేదు. ఉక్కును గీసే వజ్రం సుత్తి దెబ్బకు ముక్కలవుతుంది. బంగారం సాగుతుంది; ఒక గ్రామును సుమారు చదరపు మీటరు రేకుగా కొట్టవచ్చు.

లోహమంటే మెరవాలి, సాగాలి, వేడినీ విద్యుత్తునూ మోయాలి అని పాతకాలం నుంచీ చెబుతున్నదే. ఆ గుణాలన్నీ ఒకేచోట ఎందుకు కూడాయన్నదే చిక్కు. విద్యుత్తును బాగా మోసే లోహం వేడినీ అదే నిష్పత్తిలో మోస్తుందని 1853లో వీడెమన్, ఫ్రాంజ్ అనే శాస్త్రవేత్తలు గమనించారు. 1897లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను కనుగొన్నాక దారి దొరికింది. లోహంలో కొన్ని ఎలక్ట్రాన్లు ఏ ఒక్క పరమాణువుకూ చెందకుండా అంతటా తిరుగుతాయనీ, వేడినీ విద్యుత్తునూ మోసేది అవేననీ 1900లో పాల్ డ్రూడ్ ప్రతిపాదించారు. ఆ నిష్పత్తికి ఆయన వేసిన లెక్క ప్రయోగానికి దగ్గరగా వచ్చింది. తమాషా ఏమిటంటే, అందులో అదృష్టం పాలు ఎక్కువ. ఎలక్ట్రాన్లు దాచుకునే వేడిని ఆయన సుమారు వంద రెట్లు ఎక్కువగా, వాటి వేగపు వర్గాన్ని సుమారు వంద రెట్లు తక్కువగా అంచనా వేశారు. రెండు తప్పులూ చెల్లుకు చెల్లయ్యాయి! డ్రూడ్ 1906లోనే మరణించారు. క్వాంటం సూత్రాలతో ఆ లెక్కను సోమర్‌ఫెల్డ్ సరిదిద్దింది 1927-28లో.

వజ్రం గుట్టును 1913లో బ్రాగ్ తండ్రీకొడుకులు ఎక్స్-కిరణాలతో విప్పారు. ప్రతి కార్బన్ పరమాణువూ నాలుగింటితో బిగుసుకుని ఉంటుంది, ఎలక్ట్రాన్లు ఆ బంధాల్లోనే చిక్కుబడతాయి. (వేడిని మాత్రం వజ్రం రాగికంటే బాగా మోస్తుంది, అయితే అది పరమాణువుల కంపనం వల్ల.) బంగారంలో ఒక్కో పరమాణువును పన్నెండు చుట్టుముడతాయి. వాటిని కలిపి ఉంచేది అంతటా తిరిగే ఎలక్ట్రాన్లే; ఆ బంధానికి నిర్ణీత దిశ లేదు కనుక పొరలు జరిగినా పట్టు తప్పదు.

అయితే ఒక్కో పొర మొత్తంగా ఒక్కసారే జరిగేదైతే లోహాలు ఇప్పటికంటే ఎన్నో రెట్లు గట్టిగా ఉండేవి. పరమాణువుల వరుసల్లో లోపాలుంటాయనీ, దెబ్బకు కదిలేవి అవేననీ 1934లో టేలర్, ఒరోవాన్, పొలాని వేర్వేరుగా సూచించారు. కడప కంసాలి దాగలి మీద రేకును కొట్టేకొద్దీ అది బిరుసెక్కేది ఆ లోపాలు పెరిగి ఒకదానికొకటి అడ్డుపడటం వల్లే. కుంపటిలో కాలిస్తే వరుసలు సర్దుకుని రేకు మెత్తబడుతుంది. నగలకు మేలిమి కాకుండా 22 కారెట్ల బంగారం వాడటంలోనూ సూత్రం ఇదే: కలిపిన రాగి పరమాణువులు బంగారం పరమాణువులకంటే చిన్నవి, అవి లోపాలను సులువుగా కదలనివ్వవు.